వీధిలో మహిళా బృందం కట్టాలంటే: చెత్తబుట్ట దగ్గర నుంచి సచివాలయం దాకా

తిరుపతిలో సంఘం అంటే ఏంటో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కొర్లగుంటకు వెళ్లినా జీవకోనకు వెళ్లినా పొదుపు సంఘంలో ఉన్న ఆవిడ వీధికి పదిమంది కనిపిస్తారు. పుస్తకం రాయడం, తీర్మానం పెట్టడం, బ్యాంకులో మేనేజరుతో గట్టిగా మాట్లాడడం మన ఆడవాళ్లకు ఎప్పుడో వచ్చేసింది. కానీ అప్పూ వడ్డీతో సంబంధం లేకుండా, వీధి బాగు కోసం, ఆడవాళ్ల మాటకు విలువ కోసం ఒక బృందం కట్టాలంటే పొదుపు సంఘం పద్ధతి సగమే పనికొస్తుంది. అక్కడ కంతు కట్టాలి కాబట్టి అందరూ వస్తారు. ఇక్కడ రాకపోతే అడిగేవాళ్లుండరు.

ఇంకో చిక్కు ఉంది. పర్యావరణం పేరుతో మొదలయ్యే మహిళా బృందాల్లో చాలా చోట్ల జరిగేది ఒకటే. పొద్దున ఇల్లు ఊడ్చినవాళ్లే సాయంత్రం వచ్చి వీధి ఊడుస్తారు. మగవాళ్లు వచ్చి ఫొటో తీసుకుంటారు. రెండు నెలలయ్యేసరికి ఆడవాళ్లు అలిసిపోతారు, బృందం చెదిరిపోతుంది. అందుకే కింద రాసినదంతా ఒక షరతు మీద నడుస్తుంది: మీరు మొదలుపెట్టే ఏ పనీ ఇంట్లో ఆడవాళ్లకు ఇప్పుడున్న చాకిరీని పెంచకూడదు. పెంచుతోందంటే పని ఆపి, పద్ధతి మార్చాలి.

ముందు ఏడుగురు చాలు

యాభై మందితో మొదలుపెట్టాలని చూడకండి. ఒకే వీధిలోనో, ఎదురెదురు రెండు వీధుల్లోనో ఉండే ఏడుగురు దొరికితే చాలు. ఏడు ఎందుకంటే రేపు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలన్నా చట్టం అడిగేది కనీసం ఏడుగురినే. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ఆ ఏడుగురూ ఒకే రకం మనుషులు కాకుండా చూసుకోండి. ఒకరు ఇళ్లలో పని చేసే అక్క, ఒకరు పూలో కూరగాయలో అమ్మే ఆవిడ, ఒకరు కాలేజీ అమ్మాయి, ఒకరు రిటైరైన టీచరమ్మ. పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉంది కాబట్టి ఎన్‌ఎస్‌ఎస్‌ (జాతీయ సేవా పథకం)లో ఉన్న అమ్మాయిని కలుపుకోవడం కష్టమేమీ కాదు. అందరికంటే ముందు అడగాల్సింది మాత్రం మీ వీధికి చెత్తబండితో వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలిని. ఏ ఇంట్లో తడిచెత్తలో గాజుపెంకులు వేస్తారో, ఏ కాలువ ఎక్కడ అడ్డుపడుతుందో ఆమెకు తెలిసినంత కార్పొరేషన్ ఇంజినీరుకు కూడా తెలియదు. ఆమె వచ్చినప్పుడు అందరితో పాటే కూర్చోబెట్టి, అందరికీ ఇచ్చిన గ్లాసులోనే టీ ఇవ్వండి. మనకు స్టీలు గ్లాసు, ఆమెకు పేపర్ కప్పు అయితే ఇక ఆ మీటింగులో సమానత్వం గురించి మాట్లాడక్కర్లేదు.

మీటింగు టైము మగవాళ్ల వీలును బట్టి కాకుండా, ఎక్కువ పనున్న సభ్యురాలి వీలును బట్టి పెట్టండి. పదిహేను రోజులకోసారి, గంట మించకుండా. పిల్లల్ని చూసుకునేవాళ్లు ఇంట్లో లేకపోతే పిల్లల్ని తీసుకురమ్మనండి. "మీ ఆయన్ను ఒక గంట చూసుకోమను వదినా" అని చెప్పడం కూడా కార్యక్రమంలో భాగమే.

తలుపు తట్టినప్పుడు ఒక జాగ్రత్త. "వాలంటీర్లం వచ్చాం" అనకండి. ఇంటింటికీ పింఛను తెచ్చిచ్చిన వార్డు వాలంటీర్ల రోజులు జనం ఇంకా మరిచిపోలేదు. పింఛను సంగతి అడుగుతారు, లేదంటే ఏ పార్టీ అని అడుగుతారు. "పక్క వీధివాళ్లమమ్మా" అంటే సరిపోతుంది.

నోట్‌బుక్కు పట్టుకుని రెండు నడకలు

మొదటి నడక పొద్దున ఆరున్నరకి, చెత్తబండి వచ్చే వేళకి. రెండోది రాత్రి ఎనిమిదికి. రెండూ చేయాలి. పొద్దున నడిస్తే చెత్త కనిపిస్తుంది, రాత్రి నడిస్తే భయం ఎక్కడుందో తెలుస్తుంది.

పొద్దున రాసుకోవాల్సినవి: చెత్త ఎక్కడ కుప్ప పడుతోంది, ఎక్కడ తగలబెడుతున్నారు, ఏ కాలువ పారడం లేదు, మంచినీళ్ల పైపు మురుగుకాలువలోంచి పోతోందా. ప్లాస్టిక్ తగలబెడుతున్న చోటు కనిపిస్తే దాని చుట్టూ ఎవరున్నారో చూడండి. ఎక్కువగా ఇంటిపట్టునే ఉండే ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లలే ఆ పొగ పీల్చేది.

రాత్రి రాసుకోవాల్సినవి: వెలగని స్తంభాలు, వాటి నంబర్లు. ఏ మూల దగ్గర మగపిల్లలు గుంపుగా చేరతారు, ట్యూషన్ నుంచి వచ్చే అమ్మాయిలు ఏ సందు తప్పించుకుని చుట్టు తిరిగి వెళ్తున్నారు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కలో, మార్కెట్టులోనో పొద్దుగూకులూ కూర్చుని అమ్ముకునే ఆడవాళ్లను ఒక ప్రశ్న అడగండి: "బాత్రూమ్‌కి ఎక్కడికి పోతారక్కా?" చాలామంది ఆ ఇబ్బందికే నీళ్లు తాగడం తగ్గించేసుకుంటారు. దానివల్ల మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు. ఇది ఆరోగ్య సమస్యా, పారిశుద్ధ్య సమస్యా, ఆడ మగ తేడా సమస్యా అని విడదీయబోతే విడిపోదు.

ఒక్కటే ఎంచుకోండి

రెండు నడకలయ్యాక పుస్తకంలో ఇరవై సమస్యలుంటాయి. ఒక్కదాన్నే పట్టుకోండి. మూడు నెలల్లో మార్పు కంటికి కనిపించేదై ఉండాలి. స్వర్ణముఖి నదిని బాగుచేయడం గొప్ప కోరికే గానీ మొదటి పనిగా వద్దు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాష్ట్రమంతా సారా మాన్పిద్దామని బయల్దేరలేదు. రాత్రి చదువుల కేంద్రంలో కూర్చుని మాట్లాడుకుని, ముందు తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. అది పక్క ఊళ్లకు, జిల్లాలకు పాకింది, మన చిత్తూరు వైపుకూ వచ్చింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది.

ఎంచుకునేటప్పుడు కాలం చూసుకోండి. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోరు. కాలువల పని పెట్టుకుంటే ఆగస్టు, సెప్టెంబరుల్లోనే అర్జీ ఇచ్చి పూడిక తీయించాలి. తీయించాలి అంటున్నాను, మీరు కాలువలోకి దిగమని కాదు. మీరే కాదు, కార్మికులు కూడా బూట్లూ గ్లవ్సూ లేకుండా దిగకుండా చూడడం మీ పనే.

బుట్ట ఎవరిది?

చాలా బృందాలు చెత్త వేరు చేయడంతోనే మొదలుపెడతాయి. మంచిదే, కానీ షరతు గుర్తుంచుకోండి. తడిచెత్త, పొడిచెత్త, బల్బులూ బ్యాటరీలూ పాత మందుల్లాంటి ప్రమాదకరమైనవి విడివిడిగా ఇవ్వాలని 2016 ఘనవ్యర్థాల నియమాల్లోనే చెప్పారు. ఆ నియమం ఇంటిది, ఇల్లాలిది కాదు. అమలులో మాత్రం ఆమె నెత్తినే పడింది.

కాబట్టి ఇంటింటికీ వెళ్లినప్పుడు "అమ్మా, చెత్త వేరు చేయండి" అనకండి. ఇంట్లో మగమనిషి ఉన్నప్పుడే వెళ్లండి, ఆదివారం పొద్దున అయితే మేలు. రెండు బుట్టలు ఆయన ముందే పెట్టి, ఆయనకే చెప్పండి. బండి వచ్చినప్పుడు బయటికి తెచ్చి ఇచ్చే వంతు ఆయనదీ, మగపిల్లలదీ అని అడగండి. తలుపు వెనక క్యాలెండరులో ఆ రోజు ఎవరు తెచ్చారో ఒక అక్షరం రాయమనండి, అంతే. కొందరు నవ్వుతారు, కొందరికి నామోషీ. గంగమ్మ జాతరలో చీర కట్టి, జడ వేసి, బొట్టు పెట్టుకుని వీధుల్లో తిరిగే మగవాళ్లున్న ఊరు మనది. ఆడవాళ్ల జోలికొచ్చిన పాలెగాణ్ని వెతికి వెతికి చంపిన తల్లి మన గ్రామదేవత. ఆ ఊళ్లో చెత్తబుట్ట పట్టుకోవడానికి నామోషీ ఏంటని నేరుగానే అడగొచ్చు.

ప్యాడ్లు, పిల్లల డైపర్ల సంగతి మొహమాటపడకుండా మాట్లాడాలి. వాటిని తడిచెత్తలో వేస్తే, వేరు చేసేది ఇంకో ఆడమనిషి ఉత్త చేత్తో. పాత పేపర్లో చుట్టి, పైన ఎర్రపెన్నుతో ఒక గుర్తు పెట్టి విడిగా ఇవ్వాలి. ఈ మాట మగవాళ్లుండగానే చెప్పండి. మొదటిసారి అందరూ తల దించుకుంటారు, మూడోసారికి మామూలైపోతుంది.

తడిచెత్తతో ఎరువు చేసుకోవాలనుకునేవాళ్లకు పద్ధతి ఇదీ. ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు, మూతతో సహా తీసుకోండి. అడుగునా పక్కలా కాల్చిన మేకుతో బెజ్జాలు పెట్టండి. అడుగున బెత్తెడు మందాన కొబ్బరిపీచు పరవండి. మన ఇళ్లలో దేవుడికి కొట్టిన టెంకాయల పీచు ఎలాగూ ఉంటుంది. రోజూ కూరగాయల తొక్కలు, వాడిన పూలు వేసి, పైన దానికి రెట్టింపు ఎండాకులు వేయాలి. మొదట్లో ఒక గరిటె పుల్లటి మజ్జిగో, పాత ఎరువు గుప్పెడో వేస్తే కుళ్లడం త్వరగా మొదలవుతుంది. వారానికి రెండుసార్లు కర్రతో కలపాలి. కొత్తలో వండిన కూరలు, మాంసం, చేపముళ్లు వేయొద్దు.

గుప్పెడు తీసి పిండి చూడండి. చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. కారితే ఎండాకులు కలపండి, వాసన వచ్చినా అదే మందు. తెల్లపురుగులు కనిపిస్తే కంగారు పడకండి, అవీ చెత్తను తినేవే. తడి తగ్గితే పోతాయి. మే నెల ఎండకు బకెట్టు మరీ ఎండిపోతుంది, నీళ్లు చిలకరించాలి. రెండు నెలలకు నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది. ఇంట్లో ఎవరికీ టైము లేకపోతే ఇది అసలు పెట్టుకోవద్దు. వేరు చేసి బండికి ఇస్తే చాలు, తూకివాకం దగ్గర కార్పొరేషన్ ప్లాంటుకు పోతుంది.

స్టీలు గ్లాసుల బ్యాంకు

నన్నడిగితే తిరుపతి, చిత్తూరు వీధుల్లో అన్నిటికన్నా తొందరగా పేరొచ్చే పని ఇదే. సీమంతం, పుట్టినరోజు, వినాయక చవితి పందిరి, జాతరలో అంబలి పంపకం, ఏదైనా సరే, అయిపోయాక వీధిలో మిగిలేది గ్లాసుల గుట్ట. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు 2022 జులై 1 నుంచే దేశమంతా నిషేధం. పేపర్ కప్పు పర్వాలేదనుకుంటాం గానీ దానికీ లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది.

చేయాల్సిందల్లా వంద గ్లాసులు, వంద ప్లేట్లు కొని వీధికి అద్దెకివ్వడం. డబ్బులు చీటీ పాట వేసి కాదు, ఇంటికో రెండు ప్లేట్లు, రెండు గ్లాసులు అడిగి తీసుకోండి. ప్రతి ఇంట్లో అటక మీద పెళ్లిలో వచ్చిన స్టీలు మూలుగుతూనే ఉంటుంది. మిగిలినవి పాత్రల కొట్లో హోల్‌సేల్‌గా కొనండి. అన్నీ ఒకే సైజు ఉంటే ఒకదాంట్లో ఒకటి దూరతాయి, రెండు గోనెసంచుల్లో పడతాయి.

తర్వాత అన్నిటి మీదా పేరు చెక్కించండి. చాలా ఇళ్లలో గిన్నెల మీద ఇంటాయన పేరే ఉంటుంది, రోజూ తోమేది మాత్రం ఆమె. వీటి మీద మీ బృందం పేరు, వరుస నంబరు వేయించండి. నంబరుంటే పోయింది ఏదో తెలుస్తుంది.

ఇక కడిగేదెవరు? దీన్ని మొదటే తేల్చకపోతే ఫంక్షన్ అయ్యాక రాత్రి పదకొండు గంటలకు ఎవరో ఒక కోడలు పిల్ల పెరట్లో కూర్చుని వంద ప్లేట్లు, వంద గ్లాసులు తోముతుంది. పర్యావరణం బాగుపడింది, ఆ పిల్ల నడుము విరిగింది. అందుకని అద్దెలోనే కడిగే కూలి కలపండి. ఆ పని కావాలన్న ఆవిడకు ఆ డబ్బు అక్కడికక్కడే చేతికివ్వండి. ఆమె కడుగుతున్నప్పుడు నీళ్లు పట్టించి ఇవ్వడం, ఆరబెట్టడం ఫంక్షన్ చేసినవాళ్ల ఇంటి మగవాళ్ల పని అని రసీదు మీదే రాయండి. కొంత అడ్వాన్సు తీసుకోండి, తిరిగిచ్చేటప్పుడు ఇద్దరి ముందు లెక్కపెట్టండి. తగ్గినవాటికి అడ్వాన్సులోంచి కోత. మొహమాటానికి పోతే ఆరు నెలల్లో సంచి ఖాళీ.

సచివాలయంలో ఎవరిని కలవాలి

మీ వార్డు సచివాలయానికి ఒక్కరే వెళ్లకండి, ముగ్గురు వెళ్లండి. పారిశుద్ధ్యం, పర్యావరణం చూసే కార్యదర్శి ఒకరు, మహిళల రక్షణ చూసే కార్యదర్శి ఇంకొకరు, ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండేలా పెట్టిన ఏర్పాటు అది. జనం ఎవరి పని వాళ్ల దగ్గరే చెప్పుకుని వచ్చేస్తారు. మీరు ఇద్దర్నీ కూర్చోబెట్టి మీ రాత్రి నడక పుస్తకం చూపించండి. వెలగని స్తంభం దగ్గరే చెత్తకుప్ప, ఆ చెత్తకుప్ప దగ్గరే ఆకతాయిలు. సమస్య ఒకటే అని కాగితం మీద కనిపించాలి. సచివాలయంలో మీ వీధి ఇప్పుడు ఎవరు చూస్తున్నారో ముందు అడిగి తెలుసుకోండి, సిబ్బంది మారుతుంటారు.

నోటిమాటతో పని కాదు. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకుని దాచుకోండి. స్పందన లేకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, నంబరు తీసుకోండి. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. మన వీధి కాలువలో చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు, ఎంత ఖర్చు రాశారు? ఈ రెండు ప్రశ్నలు చాలు. చాలాసార్లు జవాబు కంటే ముందు పూడిక తీసే మనుషులే వచ్చేస్తారు.

నెలలో మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ఉంటుంది కదా, ఆ రోజు అధికారులు ఎలాగూ వీధిలోకొస్తారు. చీపురు పట్టుకుని ఫొటోకు నిలబడేకంటే అర్జీ పట్టుకుని నిలబడండి. ఇంకోటి, ప్లాస్టిక్ వద్దని చెప్పడానికి ఫ్లెక్సీ కట్టకండి. పాత తెల్లపంచె మీద రంగుతో రాసినా, వాకిట్లో ముగ్గుతో రాసినా జనం ఆగి చదువుతారు.

ఎవరైనా తన బాధ చెప్పుకుంటే

చెత్త గురించి పెట్టిన మీటింగులో ఏదో ఒక రోజు ఎవరో ఒకరు చేతి మీద దెబ్బ చూపిస్తారు. దానికి సిద్ధంగా ఉండాలి. ఇక్కడ మీ పని తీర్పు చెప్పడం కాదు. ఇద్దరినీ పిలిపించి పంచాయితీ పెట్టి "సర్దుకుపో అమ్మా" అని పంపించడం అన్నిటికన్నా చెడ్డ పని. ఆమె చెప్పింది పుస్తకంలో రాయకండి, వాట్సాప్‌లో అసలే పెట్టకండి. ఇద్దరు మాత్రం ఆమెతో ఉండండి, ఏం చేయాలో ఆమెనే తేల్చుకోనివ్వండి.

ప్రాణాపాయం అనిపిస్తే 112. సలహా కావాలన్నా, ఎక్కడికి పోవాలో తెలియకపోయినా 181. బాల్యవివాహం అని తెలిస్తే 1098. ఒకే చోట వైద్యం, పోలీసు సాయం, వకీలు, తాత్కాలికంగా తలదాచుకునే చోటు ఇచ్చే వన్ స్టాప్ సెంటర్ జిల్లాలో ఉంటుంది, దాన్ని మీరు ముందే ఒకసారి వెళ్లి చూసి రండి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ కోరాలంటే ముందు పోలీసు కేసు పెట్టి తీరాలని లేదు, రక్షణాధికారి ద్వారా కూడా వెళ్లొచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది స్టేషన్ భయంతో ఆగిపోతారు.

ఇళ్లలో పనిచేసేవాళ్లు, పదిమంది కూడా లేని చిన్న కొట్లలో పనిచేసే అమ్మాయిలు లైంగిక వేధింపులపై జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. 2013 చట్టం ఇచ్చిన హక్కు అది. మామూలుగా మూడు నెలల్లోపు ఇవ్వాలి.

డబ్బు, రిజిస్ట్రేషన్

మొదటి ఏడాది రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఒక పుస్తకం, ప్రతి మీటింగులో లెక్క చదివి వినిపించడం చాలు. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర ఉండాలి. రాజకీయ నాయకులు ఇచ్చే చందా తీసుకుంటారా లేదా అన్నది ఎన్నికలప్పుడు కాకుండా ఇప్పుడే తీర్మానం చేసుకోండి. నా మటుకు నేను వద్దనే అంటాను. పది కుక్కర్ల కోసం వీధిలో సగంమందిని పోగొట్టుకుంటారు.

పని నిలదొక్కుకుని, బృందం పేరు మీద బ్యాంకు ఖాతా కావాలి, విరాళాలు రావాలి అనుకుంటే అప్పుడు 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించుకోండి. ఏడుగురు సభ్యులు, ఆశయాలు రాసిన పత్రం, నియమావళి, చిరునామా రుజువు కావాలి. నియమావళిని కంప్యూటర్ సెంటరువాళ్లు ఇచ్చే పాత నమూనాలోంచి ఉన్నదున్నట్టు దింపకండి. అందులో మూడు మాటలు మీరే చేర్పించండి: అధ్యక్షురాలు రెండేళ్లకు మించి వరసగా ఉండకూడదు, చెక్కు మీద ఇద్దరి సంతకం ఉండాలి, సంతకం పెట్టేది సభ్యురాలే గానీ ఆమె భర్త కాదు. మూడోది రాసేటప్పుడు ఎవరో ఒకరు "అది వేరే చెప్పాలా?" అంటారు. సర్పంచి భర్తే సర్పంచిగా తిరిగే ఊళ్లు చూశాం కదా, రాయించండి.

సంతకం రాని సభ్యురాలుంటే ఖాతా తెరిచే ముందే నేర్పించండి. బ్యాంకులో నమూనా సంతకం ఒకసారి వేలిముద్రగా పడితే తర్వాత మార్చుకోవడం పెద్ద తిరుగుడు.